కారు పుట్టకముందే కారుని అమ్మిన మనిషి: టక్కర్ కథ, కొప్పొలా సినిమా

 

ఈ రోజు ఎపిసోడ్ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. సినిమాలో కారు అనగానే మీకు ఏ కారు గుర్తొస్తుంది? చాలామంది 'బ్యాక్ టు ది ఫ్యూచర్' కారు అంటారు. స్టీల్ బాడీ, రెక్కల్లా పైకి లేచే డోర్లు. దాని పేరు డిలోరియన్. ఆ కారు వెనక నిజంగానే ఒక మనిషి ఉన్నాడు, పేరు జాన్ డిలోరియన్. జనరల్ మోటార్స్‌లో పెద్ద పొజిషన్ వదిలేసి సొంత కంపెనీ పెట్టాడు. నార్తర్న్ ఐర్లండ్‌లో బెల్‌ఫాస్ట్ దగ్గర ఫ్యాక్టరీ. 1981లో కారు బయటికొచ్చింది, 1982 కల్లా కంపెనీ మునిగిపోయింది. మొత్తం తయారైనవి సుమారు 9,000 కార్లు. అదే ఏడాది అక్టోబర్‌లో డ్రగ్స్ కేసులో ఆయన్ని అరెస్ట్ చేశారు. 1984లో కోర్టు నిర్దోషి అని వదిలేసింది. 1985 జులైలో సినిమా రిలీజైంది.

అంటే ఏంటి? కంపెనీ పోయింది, పరువు పోయింది, తర్వాత సినిమా వచ్చి ఆ కారుని చిరంజీవిని చేసింది. కానీ గమనించండి, ఆ సినిమా బతికించింది కారుని మాత్రమే. మనిషి గురించి అందులో ఒక్క ముక్క కూడా లేదు.

ఈ రోజు కథ దీనికి రివర్స్. ఇక్కడ కార్లు తయారైందే 51. మీలో ఎక్కువమంది దాన్ని చూసుండరు కూడా. కానీ ఆ కారు చేసిన మనిషి మీద హాలీవుడ్‌లో ఇద్దరు హేమాహేమీలు కలిసి ఒక సినిమా తీశారు. డైరెక్టర్ 'గాడ్‌ఫాదర్' తీసిన ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పొలా. ప్రొడ్యూసర్ 'స్టార్ వార్స్' జార్జ్ లూకాస్. సినిమా పేరు 'టక్కర్: ది మ్యాన్ అండ్ హిస్ డ్రీమ్', 1988. హీరో జెఫ్ బ్రిడ్జెస్.

ఈ సినిమా నాకెందుకు ఇంత పట్టుకుందో మధ్యలో చెప్తాను. నా ఉద్యోగం రోజుల్లో జరిగిన ఒక విషయం ఉంది, కొంచెం సిగ్గుపడే విషయమే. ముందు అసలు కథ చూద్దాం.

ప్రెస్టన్ టక్కర్. 1903లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో పుట్టాడు. డెట్రాయిట్ ఉండేది ఆ రాష్ట్రంలోనే, అంటే కార్ల రాజధాని పక్కనే పెరిగాడన్నమాట. కార్లంటే పిచ్చి. ఇంజనీరింగ్ డిగ్రీ లేదు. కార్లు అమ్మాడు. హ్యారీ మిల్లర్ అని రేసు ఇంజన్లు చేయడంలో దిట్ట ఒకాయన ఉంటే, ఆయనతో చేతులు కలిపాడు. వీళ్ళిద్దరూ ఫోర్డ్ కంపెనీని ఒప్పించి 1935 ఇండియానాపొలిస్ రేసుకి కార్లు తయారుచేశారు. టైమ్ చాలా తక్కువ. స్టీరింగ్ బాక్స్ ఎగ్జాస్ట్‌కి మరీ దగ్గరగా పడింది. ఆ వేడికి స్టీరింగ్ బిగుసుకుపోయింది. రేసులో దిగిన ఒక్క కారు కూడా చివరిదాకా వెళ్ళలేదు.

ఈ చిన్న ఘటన గుర్తుపెట్టుకోండి. ఐడియా బాగుంది, అమ్మడం బాగా వచ్చు, టెస్టింగ్‌కి టైమ్ లేదు. టక్కర్ జీవితమంతా ఈ మూడు ముక్కల్లోనే ఉంది.

ఇక రెండో ప్రపంచ యుద్ధం. 1942 నుంచి 1945 దాకా అమెరికాలో మామూలు జనం కోసం కార్ల తయారీ ఆపేశారు. ఫ్యాక్టరీలన్నీ ట్యాంకులు, విమానాలు చేశాయి. యుద్ధం అయిపోయేసరికి జనం దగ్గర డబ్బుంది, కొనడానికి కొత్త కారు లేదు. ఫోర్డ్, జనరల్ మోటార్స్, క్రైస్లర్ ఏం చేశాయంటే, 1942 మోడల్‌కే కొంచెం మేకప్ వేసి మళ్ళీ అమ్మకానికి పెట్టాయి. జనం అవే క్యూ కట్టి కొన్నారు.

సరిగ్గా ఆ గ్యాప్‌లోకి టక్కర్ వచ్చాడు. "మీకు రేపటి కారు ఇస్తాను" అన్నది అతని మాట. ఏముంటుందట అందులో? ఇంజన్ వెనక ఉంటుంది. మధ్యలో మూడో హెడ్‌లైట్ ఉంటుంది, స్టీరింగ్ కాస్త ఎక్కువగా తిప్పితే అది కూడా ఆ వైపు తిరిగి మలుపుని చూపిస్తుంది. డ్యాష్‌బోర్డ్‌కి మెత్తటి ప్యాడింగ్. గట్టి దెబ్బ తగిలితే ముందు అద్దం ముక్కలై మొహంలో గుచ్చుకోకుండా, మొత్తంగా బయటికి ఊడి పడిపోతుంది. ఇదంతా 1940లలో అండీ! కారులో సేఫ్టీ అన్న మాటే ఎవరూ మాట్లాడని రోజులు.

ఫ్యాక్టరీ కోసం చికాగోలో యుద్ధకాలంలో బాంబర్ విమానాలకి ఇంజన్లు చేసిన పెద్ద ప్లాంట్‌ని ప్రభుత్వం దగ్గర లీజుకి తీసుకున్నాడు. సరే, డబ్బు? షేర్లు అమ్మాడు. డీలర్‌షిప్‌లు అమ్మాడు. కారు లేదు, కానీ కారు డీలర్లు దేశమంతా ఉన్నారు!

ఇప్పుడు ఆ ఫేమస్ డెమో. 1947 జూన్ 19. చికాగో ఫ్యాక్టరీలో కొన్ని వేలమంది కూర్చున్నారు. డీలర్లు, షేర్‌హోల్డర్లు, పత్రికలవాళ్ళు. తెర వెనక ఒకే ఒక్క కారు. చేత్తో చేసిన ప్రోటోటైప్, దానికి టిన్ గూస్ అని ముద్దుపేరు. కార్యక్రమం మొదలయ్యే ముందు ఏమైందంటే, బరువు తట్టుకోలేక సస్పెన్షన్ ఆర్మ్స్ విరిగిపోయాయి. మెకానిక్‌లు అక్కడికక్కడే రిపేర్ మొదలుపెట్టారు. బయట జనం ఎదురుచూస్తున్నారు, టక్కర్ స్టేజి మీద మాటలతో నెట్టుకొస్తున్నాడు. ఇంజన్ చూస్తే భయంకరమైన శబ్దం. అందుకని బ్యాండ్ వాళ్ళకి చెప్పారు, ఎంత గట్టిగా వాయించగలరో అంత గట్టిగా వాయించమని. కారు స్టేజి మీదికి వచ్చింది. జనం చప్పట్లే చప్పట్లు.

వాళ్ళకి తెలియని విషయం ఏంటంటే, ఆ కారుకి రివర్స్ గేర్ లేదు. ముందుకి మాత్రమే వెళ్ళగలదు.

కొప్పొలా సినిమాలో ఈ సీన్ చూడాలి మీరు. వెనక గందరగోళం, ముందు మ్యూజిక్, డ్యాన్సర్లు. మనం పడీ పడీ నవ్వుతాం. నేను మొదటిసారి చూసినప్పుడు నవ్వలేదు. ఎందుకంటే నేను అలాంటి స్టేజి వెనక నిలబడ్డాను.

చెప్తానన్నాను కదా, ఇదే ఆ విషయం. నేను హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీలో పనిచేసేటప్పుడు, ఒక క్లయింట్‌కి డెమో ఇవ్వాల్సి వచ్చింది. లైవ్‌లో డేటా వస్తుంది, గ్రాఫులు కదులుతాయి, అలర్ట్‌లు వెళ్తాయి, అదీ మేం ఇచ్చిన మాట. డెమో ముందు రోజు రాత్రి పదకొండింటికి కూడా వెనక సర్వర్ పనిచేయడం లేదు. అప్పుడు నేనే ఒక సలహా ఇచ్చాను. అంకెలన్నీ కోడ్‌లో చేత్తో రాసేద్దాం, బటన్ నొక్కితే ముందే రాసిపెట్టిన గ్రాఫ్ కదిలేలా చేద్దాం అని. అలాగే చేశాం. మర్నాడు క్లయింట్ సార్ ఆ గ్రాఫ్ చూసి "సూపర్" అన్నారు. మా మేనేజర్ నా భుజం తట్టారు. ఆ రోజు బిర్యానీ పార్టీ.

నా డెమోకి కూడా రివర్స్ గేర్ లేదు. క్లయింట్ పొరపాటున వేరే తేదీ సెలెక్ట్ చేసుంటే స్క్రీన్ ఖాళీ.

ఆ తర్వాత ఏమైందో చివర్లో చెప్తాను. మళ్ళీ టక్కర్ దగ్గరికి వెళ్దాం.

డెమో అయిపోయింది. ఇప్పుడు నిజం కారు చేయాలి. మొదట అనుకున్న ఇంజన్ 589 క్యూబిక్ ఇంచులు, అంటే దాదాపు 9.6 లీటర్లు. మనం రోజూ రోడ్డు మీద చూసే చిన్న కార్ల ఇంజన్లు ఎనిమిది కలిపితే ఎంతో అంత. అది పనిచేయలేదు. దాంతో హెలికాప్టర్లకి ఇంజన్లు చేసే ఒక కంపెనీ మీద కన్నేశారు. ఆ ఫ్రాంక్లిన్ ఇంజన్ గాలితో చల్లబడే రకం. దాన్ని నీళ్ళతో చల్లబడేలా మార్చి కారు వెనక కూర్చోబెట్టారు. 5.5 లీటర్లు, 166 హార్స్‌పవర్. ఆ ఇంజన్ కంపెనీని టక్కర్ ఏకంగా కొనేశాడు.

గేర్‌బాక్స్ సంగతి ఇంకా విచిత్రం. సొంత డిజైన్ టైముకి కుదరలేదు. అప్పటికి మూతపడిపోయిన కార్డ్ అనే కంపెనీ పాత కార్ల గేర్‌బాక్స్‌లు సరిపోతాయని తేలింది. పాత ఇనప సామాను యార్డుల్లో వెతికి, ఆ గేర్‌బాక్స్‌లు ఏరి తెచ్చి, బాగుచేసి వాడారు. రేపటి కారులో నిన్నటి గేర్‌బాక్స్!

మీరు నవ్వుకోవచ్చు. నాకు మాత్రం ఇక్కడే టక్కర్ మీద గౌరవం పెరిగింది. డెమోతో ఆగిపోయే మనిషి ఇనప యార్డుల్లో గేర్‌బాక్స్‌లు వెతకడు.

ఒక కారుని ఇండియానాపొలిస్ రేస్ ట్రాక్ మీద టెస్ట్ చేస్తుంటే గంటకి 95 మైళ్ళ స్పీడులో, అంటే 150 కిలోమీటర్ల పైన, పల్టీ కొట్టింది. డ్రైవర్ కమిలిన దెబ్బలతో నడిచి బయటికొచ్చాడు. ముందు అద్దం? టక్కర్ చెప్పినట్టే మొత్తంగా ఊడి బయటపడింది. స్టేజి మీద చెప్పిన మాటల్లో ఇది అబద్ధం కాదని ఆ రోజు తేలింది.

మరి గొడవ ఎక్కడొచ్చింది? డబ్బు దగ్గర. నిధులు చాలక టక్కర్ ఒక స్కీమ్ పెట్టాడు. కారు ఇంకా రాలేదు కదా, ముందు మా కారు రేడియో కొనుక్కోండి, సీటు కవర్లు కొనుక్కోండి, కారులో పెట్టుకునే సూట్‌కేసులు కొనుక్కోండి, అప్పుడు కారు రాగానే క్యూలో మీ పేరు ముందుంటుంది అన్నాడు. గేదె ఇంకా నీళ్ళలో ఉండగానే బేరం పెట్టడమంటే ఇదే. పైగా ఇక్కడ గేదెకి కట్టే పలుపుతాడు కూడా ముందే అమ్మేశాడు!

మనకి సెబీ ఎలాగో వాళ్ళకి సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్ అలాగ. అది ఎంక్వైరీ మొదలుపెట్టింది. 1948లో డ్రూ పియర్సన్ అనే పేరున్న జర్నలిస్ట్ ఈ ఎంక్వైరీ సంగతి రేడియోలో బయటపెట్టాడు. షేరు కుప్పకూలింది. రివర్స్ గేర్ లేని కారు అన్న మాట కూడా జనంలోకి పాకింది. చివరికి వచ్చిన కార్లలో రివర్స్ ఉంది, కానీ ఎవరు వింటారు? ఒకసారి పేరు పడితే పడ్డట్టే. ఫ్యాక్టరీ ఆగిపోయింది. తర్వాత మిగిలిన కొద్దిమంది వర్కర్లు, చేతిలో ఉన్న పార్టులతో మిగతా కార్లు బిగించారు. అలా ప్రోటోటైప్‌తో కలిపి 51.

1949 అక్టోబర్‌లో విచారణ మొదలైంది. ఆరోపణ ఏంటంటే, ఇతనికి కారు చేసే ఉద్దేశమే లేదు, జనాన్ని మోసం చేసి డబ్బు గుంజాడు అని. ఇక్కడ సినిమాలో జెఫ్ బ్రిడ్జెస్ కోర్టులో లేచి ఒక పెద్ద స్పీచ్ ఇస్తాడు. గుండె నిండిపోతుంది. బయట రోడ్డు మీద టక్కర్ కార్లన్నీ వరసగా నిలబడి ఉంటాయి.

నిజం కోర్టులో జరిగింది దీనికి పూర్తిగా వేరు. ప్రాసిక్యూషన్ నెలల తరబడి సాక్షుల్ని పిలిచింది. టక్కర్ లాయర్లు తమ వైపు నుంచి ఒక్క సాక్షిని కూడా పిలవలేదు. నేరం జరిగిందని వాళ్ళే రుజువు చేయలేకపోయారు, ఇక మేం కాదని నిరూపించేదేముంది అన్న ధోరణి. 1950 జనవరి 22న జ్యూరీ నిర్దోషి అని తేల్చింది.

గెలిచాడు. కానీ కంపెనీ లేదు, ఫ్యాక్టరీ లేదు. బ్రెజిల్‌లో ఇంకో కారు చేద్దామని ప్రయత్నంలో ఉండగానే క్యాన్సర్ వచ్చింది. 1956 డిసెంబర్ 26న చనిపోయాడు. వయసు 53.

ఇప్పుడు సినిమా దగ్గరికి వద్దాం. కొప్పొలాకి ఈ కథ ఎందుకంత ముఖ్యం?

కొప్పొలా నాన్న కార్మైన్, సంగీతకారుడు. ఆయన టక్కర్ షేర్లలో డబ్బు పెట్టాడు. పిల్లాడిగా ఉన్న కొప్పొలాని ఆ కారు చూపించడానికి తీసుకెళ్ళాడు కూడా. కారు ఇంటికి రాలేదు, డబ్బు తిరిగి రాలేదు. ఆ కుర్రాడు పెద్దయ్యాక కూడా దాన్ని మర్చిపోలేదు. సినిమా తీయడమే కాదు, ఒక టక్కర్ కారు కొనుక్కున్నాడు కూడా.

రెండో కారణం ఇంకా లోతైంది. కొప్పొలా కూడా టక్కర్‌లాగే పెద్ద స్టూడియోలకి ఎదురెళ్ళి సొంత స్టూడియో పెట్టాడు, పేరు జోయిట్రోప్. సినిమా తీసే పద్ధతినే మార్చేస్తానన్నాడు. షూటింగ్‌తో పాటే వీడియోలో చూసుకుంటూ ఎడిట్ చేయొచ్చన్నాడు. ఇప్పుడది అన్ని సెట్‌లలో మామూలు విషయం. అప్పట్లో పిచ్చి. ఆ పద్ధతిలో 1982లో 'వన్ ఫ్రమ్ ది హార్ట్' తీశాడు. సుమారు 2 కోట్ల 60 లక్షల డాలర్ల ఖర్చు. 10 లక్షల డాలర్లు కూడా రాలేదు. స్టూడియో అమ్ముకోవాల్సి వచ్చింది, అప్పులు ఏళ్ళ తరబడి తీర్చాడు. కాబట్టి తెర మీద టక్కర్ మాట్లాడుతున్నా, వెనక వినపడే గొంతు కొప్పొలాదే.

లూకాస్ సంగతి ఇంకా బాగుంటుంది. కుర్రతనంలో లూకాస్‌కి రేసర్ కావాలని కోరిక. 1962లో కారు యాక్సిడెంట్‌లో చావు తప్పి బయటపడ్డాక దారి మార్చుకుని సినిమాల్లోకి వచ్చాడు. అతన్ని మొదట నమ్మి నిలబెట్టింది కొప్పొలానే. కుర్రాళ్ళ కార్ల చుట్టూ తిరిగే లూకాస్ సినిమా 'అమెరికన్ గ్రాఫిటీ'కి ప్రొడ్యూసర్ కొప్పొలా. పదిహేనేళ్ళ తర్వాత సీన్ తిరగబడింది. గురువు అప్పుల్లో ఉన్నాడు, శిష్యుడు ప్రొడ్యూసర్. కొప్పొలా దీన్ని ఒక విచిత్రమైన మ్యూజికల్‌గా తీద్దామనుకుంటే, కాదు, జనానికి అర్థమయ్యేలా హుషారుగా తీద్దామని నడిపించింది లూకాసే.

షూటింగ్ కోసం టక్కర్ కార్ల ఓనర్లు తమ సొంత కార్లు తెచ్చి ఇచ్చారు, 20కి పైగా. విలన్ లాంటి సెనేటర్ పాత్ర వేసింది ఎవరో తెలుసా? లాయిడ్ బ్రిడ్జెస్, అంటే హీరో జెఫ్ బ్రిడ్జెస్ సొంత తండ్రి.

ఇంకో విషయం చెప్పాలి. 1986లో, ఈ సినిమాకి రెండేళ్ళ ముందు, కొప్పొలా పెద్ద కొడుకు జాన్‌కార్లో పడవ ప్రమాదంలో చనిపోయాడు. వయసు 22. ఇంట్లో జియో అని పిలిచేవాళ్ళు. ఆ అబ్బాయికి కార్లంటే ప్రాణం. ఈ సినిమాని ఆ కొడుక్కే అంకితమిచ్చాడు తండ్రి. ఇది తెలిశాక, సినిమాలో టక్కర్ ఇల్లంతా పిల్లలతో కళకళలాడే సీన్లు ఇంకోలా కనపడతాయి.

ఇప్పుడు నా కంప్లైంట్ కూడా చెప్తాను. ఇంత ప్రేమతో తీయడం వల్ల ఈ సినిమా కొన్నిచోట్ల టక్కర్ చేసిన పనే చేసింది. శబ్దం వినపడకుండా బ్యాండ్ గట్టిగా వాయించింది. సినిమాలో టక్కర్ సీటు బెల్టుల కోసం పోరాడే మనిషి. నిజంగా అమ్మిన కార్లలో సీటు బెల్టులు లేవు. సినిమాలో తప్పంతా పెద్ద కంపెనీలది, వాళ్ళ సెనేటర్‌ది. లేని కారుకి సీటు కవర్లు అమ్మిన టక్కర్ మీద మాత్రం ప్రశ్న పెద్దగా లేదు. పెద్ద కంపెనీలు పాత కార్లనే హాయిగా అమ్ముకుంటున్న రోజులు అవి, నిజమే. కానీ ఎంక్వైరీ రావడానికి కారణం టక్కర్ కూడా ఇచ్చాడు, అదీ నిజమే. రెండూ కలిపి చూస్తేనే మనిషి పూర్తిగా కనపడతాడు.

సినిమా కూడా ఆడలేదు లెండి. సుమారు 2 కోట్ల 40 లక్షల డాలర్ల ఖర్చు పెడితే అమెరికా థియేటర్లలో అంత కూడా రాలేదు. కానీ దాని వల్ల ఒక తరం మొత్తానికి టక్కర్ పేరు తెలిసింది. అప్పట్లో దాదాపు 2,450 డాలర్లని ప్రకటించిన కారు, 2012లో ఒక వేలంలో 29 లక్షల డాలర్లు పలికింది. తయారైన 51లో ఎక్కువ భాగం ఇప్పటికీ ఉన్నాయి. కంపెనీ ఒక్క ఏడాది కూడా సరిగ్గా నడవలేదు, కార్లు మాత్రం డెబ్భై ఏళ్ళు దాటినా ఉన్నాయి.

మరి ఇతను మోసగాడా, కల కన్నవాడా? జ్యూరీ ముందున్న ప్రశ్న కూడా ఇదే. నాకు అర్థమైంది ఏంటంటే, డెమో రోజు చూస్తే ఇద్దరూ ఒకేలా ఉంటారు. ఒకే స్టేజి, ఒకే బ్యాండ్, ఒకే చప్పట్లు. తేడా డెమో మర్నాడు తెలుస్తుంది. మోసగాడికి డెమోతో పని అయిపోతుంది. రెండోవాడికి అసలు పని అప్పుడే మొదలవుతుంది. టక్కర్ మర్నాడు పనిలోకి వెళ్ళాడు. ఆ 50 కార్లే అతని సాక్ష్యం. లాయర్లు వేరే సాక్షిని పిలవక్కర్లేకపోయింది.

నా డెమో సంగతి చెప్పి ముగిస్తాను. మా క్లయింట్ సంతకం పెట్టారు. మర్నాడు నేనేం చేశానో తెలుసా? వేరే ప్రాజెక్ట్‌కి మార్పించుకున్నాను. డెమో బాగా ఇచ్చానని నాకు ఆ అవకాశం వచ్చింది. ఆ గ్రాఫుల్ని నిజం చేసే పని ఇద్దరు ఫ్రెషర్ల మీద పడింది. నాలుగు నెలలు రాత్రిళ్ళు కూర్చున్నారు. అందులో ఒకమ్మాయి ఒకరోజు క్యాంటీన్‌లో నన్ను అడిగింది, "అన్నా, ఆ డేటా ఎక్కడ్నుంచి వచ్చింది అప్పుడు? నాకు కోడ్‌లో దొరకట్లేదు" అని. నేను నిజం చెప్పలేదు. పాత సర్వర్ అని ఏదో అన్నాను. ఆ అమ్మాయి ఇంకో రెండు రోజులు లేని సర్వర్ కోసం వెతికింది.

టక్కర్ సినిమా చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది టక్కర్ కాదు, ఆ అమ్మాయి. తను ఈ వీడియో చూస్తే, సారీ అమ్మా. ఆ సర్వర్ ఎప్పుడూ లేదు. అంకెలు నేనే రాశాను.

ఫ్రెండ్స్, మీలో స్టార్టప్ పెట్టేవాళ్ళున్నారు, ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ చూపించేవాళ్ళున్నారు. డెమో ఇవ్వండి, తప్పులేదు. కొంచెం బ్యాండ్ కూడా వాయించండి. కానీ రివర్స్ గేర్ లేదన్న సంగతి మీ టీమ్‌కి మాత్రం దాచకండి. మర్నాడు పొద్దున వాళ్ళతో పాటు మీరూ వెళ్ళి కూర్చోండి.

వీలైతే 'టక్కర్' సినిమా చూడండి. చూశాక మీకు టక్కర్ ఎలా కనపడ్డాడో కామెంట్స్‌లో రాయండి, అన్నీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. అంతవరకూ సెలవు.